రెండు మెగాబైట్లలో మా బావ మాట

నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు మా బావ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: వీడేం చెప్పినా సగం కోసేసి, మిగిలిన సగాన్ని ఎండలో ఆరబెట్టి వినండి. నేను చెప్పడం, ఆయన కోయడం. ఒడిశాలోని మా బరంపురం బడా బజారులో పాతికేళ్ళు మా ఇద్దరి కాలక్షేపం అదే. మా వీడియోగేముల దుకాణంలో టీవీ వెనక వేడికి అప్పడాలు కాల్చుకు తినేవాళ్ళమని నేను అంటే, అప్పడాలు కాదు వేరుశెనగలు, కాలలేదు వెచ్చబడ్డాయి, అని ఆయన సరిచేసేవాడు. గేములాడే ఆ జపాను డబ్బాని గోపాలపురం రేవులో దిగిన ఓడ కెప్టెను నా చేతిలో స్వయంగా పెట్టాడని నేనంటే, విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్లో బేరమాడి కొన్నామని ఆయన. ఇప్పుడు ఆయనకి కోసే నోరు లేక నేనే కోసుకుంటూ రాస్తున్నాను. ఎక్కడైనా కొలత ఎక్కువైతే మన్నించండి, కత్తెర నాకు అలవాటు లేదు.

రెండేళ్ళ కిందట ఆషాఢంలో ఒక పొద్దున స్నానానికి నీళ్ళు తోడుకుంటూ బావ కూలబడ్డాడు. కుడివైపు పడిపోయింది. నోట మాట పోయింది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుంచి ఇంటికి పంపేశారు. మాట లోపల చెక్కుచెదరకుండా ఉందని, దాన్ని బయటికి తేవలసిన నాలుకా పెదవులూ లొంగటం లేదని డాక్టరు మాకు అర్థమయ్యేలా చెప్పాడు. రాయొచ్చు కదా అన్నాను. రాసే చెయ్యి కుడిది. ఎడంచేతికి పెన్ను ఇస్తే కాగితం చిరిగింది. ఫోను మీద వేలు పెట్టిస్తే చెయ్యి వణికి ఒక్క అక్షరానికి నాలుగు పడ్డాయి. ఇక మిగిలినవి తల ఊపడం, తల తిప్పడం. అంటే అవును, కాదు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. బావ, ఆయన భార్య, వాళ్ళ కూతురు. భార్య అంటే మా అప్పే. మావైపు అక్కని అప్ప అంటాం. మేనకోడలు ఊళ్ళోనే ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. నేను ఇంకో కాలేజీలో ఫిజిక్సు ల్యాబు అసిస్టెంటుని. ఆ కాలేజీకి వాళ్ళ ఇల్లు రెండు సందుల దూరం. మధ్యాహ్నం గంట కొట్టగానే అక్కడికి పోయేవాడిని. అన్నం ముందు మనిషి ఒంటరిగా ఉండకూడదని నా నమ్మకం. అప్ప ముద్దలు కలిపి పెడుతుంటే నేను ఎదురుగా స్టూలు వేసుకు కూర్చుని, బజారు కబుర్లకి నాలుగింతలు మసాలా దట్టించి చెప్పేవాడిని. పెదవి చివర నుంచి చారు జారితే, కథ ఆపకుండానే తువ్వాలుతో తుడిచేవాడిని.

చిక్కు సరిగ్గా ఆ భోజనం దగ్గరే వచ్చింది. రెండో ముద్దకే బావ మొహం తిప్పుకునేవాడు. ఎడంచెయ్యి లేపి గుమ్మం వైపు ఊపేవాడు. గొంతులోంచి ఏదో శబ్దం, కళ్ళలో నీళ్ళు. ఏదో చెప్పాలని ఉంది. ఏమిటో మాకు తెలియదు. తలుపు వెయ్యాలా అని అడిగాం. కాదు. తియ్యాలా? కాదు. వీధిలో కూర్చోబెట్టాలా? కుర్చీతో సహా తీసుకుపోయి వీధిలో పెట్టాం. ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఉప్పు తక్కువైందా, చేప కావాలా, చద్దన్నం కావాలా, గంజాంలో ఉన్న తమ్ముణ్ణి పిలవమంటావా, దుకాణం ఉన్న సందు చూడాలనుందా. మేం అడగని ప్రశ్న లేదని నేను అందరికీ చెప్పుకున్నాను. అన్నింటికీ తల అటూ ఇటూ. చివరికి కళ్ళు మూసుకునేవాడు. రాత్రిపూట కాస్త తింటున్నాడని అప్ప అనేది. పగలంతా మాడితే రాత్రి తినడా అని నేను.

నెల తిరిగేసరికి ఆయన చొక్కా కాలరులో ఇంకో మెడకి చోటొచ్చింది. బరువు ఇలాగే పడిపోతే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాల్సిందేనని డాక్టరు చెప్పాడు. దీపావళి దాకా చూద్దాం అన్నాడు. గొట్టం అనే మాట విన్నరోజు బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

ఆయన్ని ఎలాగైనా ఇటు తిప్పాలని, అటక మీది జపాను డబ్బాని దింపాను. దుకాణం మూసిన తర్వాత అది పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది. దుమ్ము దులిపి, టీవీకి తగిలించి, పాత కార్ల పందెం డిస్కు వేసి, ప్యాడ్‌ని ఆయన ఒళ్ళో పెట్టాను. ప్యాడ్ అంటే రెండు చేతుల్లో ఇమిడే మీటల పలక. ఎడమ బొటనవేలి కింద నాలుగు దిక్కుల మీట ఉంటుంది, చూపుడువేలి కింద పైఅంచున ఇంకో మీట. బావ ఎడంచెయ్యి దాని మీద పడింది. మణికట్టు తొడమీద ఆనింది. వణుకు ఆగింది. మూడో మలుపు దగ్గర కారు గోడకి గుద్దుకోకుండా ఒంపు తిరిగింది. అప్ప వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడిపోయింది. ఆ బొటనవేలు జబ్బుపడలేదు. ఏళ్ళ తరబడి కుర్రాళ్ళకి ఆట నేర్పిన వేలు అది.

అక్కడే నాకు ఆలోచన వచ్చింది. కారుని తిప్పిన వేలు అక్షరాన్ని ఎందుకు ఎంచదు? తెరమీద అక్షరాల పలక, దిక్కుల మీటతో ఒక పసుపు గడి అటూ ఇటూ జరగడం, చూపుడువేలితో నొక్కితే అక్షరం పడడం. అంతే కావాలి. దానికి ఒక చిన్న ప్రోగ్రాము చాలు. కానీ నా నోరు చిన్నదాంతో సరిపెట్టుకునేది కాదు. ఆ సాయంత్రం బడా బజారులో టీ కొట్టు దగ్గర, జపాను డబ్బాలోకి లినక్స్ ఎక్కిస్తున్నానని, మా బావ దాంట్లో మాట్లాడతాడని, పేపరు చదువుతాడని, ఉత్తరాలు రాస్తాడని చెప్పేశాను. టీ రెండోసారి మరిగేసరికి, ఎక్కించడం కూడా అయిపోయిందని చెప్పేశాను. మర్నాడు మా సొంతూరు చికిటి నుంచి మా చిన్నాన్న ఫోను చేసి అల్లుడు మాట్లాడాడటగా అన్నాడు.

లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసుకుని, తమకి కావలసినట్టు మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్. మా ల్యాబులో ముసలి కంప్యూటర్లన్నీ దాని మీదే ఊపిరి పీలుస్తున్నాయి. కాబట్టి నాకు దాంతో ముఖపరిచయం ఉంది. కానీ ఆ డబ్బా జ్ఞాపకశక్తి అంతా కలిపి రెండు మెగాబైట్లు. ఇవాళ మనవాళ్ళు పంపే గుడ్‌మార్నింగు బొమ్మ ఒక్కటి కూడా అందులో కాళ్ళు చాపుకోలేదు. పైగా అందులో గోడలు లేవు. మామూలు కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము ఇంకోదాని గదిలోకి చొరబడకుండా కాపలా ఉంటుంది. ఇది మా బరంపురం పాత ఇళ్ళలాంటిది. వీధిగుమ్మం నుంచి వంటింటికి వెళ్ళాలంటే అందరి మంచాలూ దాటుకుంటూ పోవాలి. ఒకడు పక్క మీద దొర్లితే నాలుగో గదిలో ఇంకొకడు కిందపడతాడు.

ఇలాంటి పని ఎవరో విదేశాల వాళ్ళు ఏళ్ళ కిందట సగం చేసి వదిలేస్తే, అది ఇంటర్నెట్‌లో దొరికింది. మిగతా సగం నాది. ల్యాప్‌టాప్‌లో వండడం, సీడీ మీద ఎక్కించడం, డబ్బాకి వడ్డించడం. డబ్బా తిన్నట్టే తిని, నల్ల తెరమీద నాలుగు తెల్లని వరుసలు కక్కి, పానిక్ అని ఆగిపోయేది. అది వ్యవస్థ చేతులెత్తేసినప్పుడు చెప్పే మాట. తప్పు ఎక్కడుందో చెప్పదు. ఒక్కొక్క ప్రయత్నానికి ఒక్కొక్క సీడీ. చెడిపోయినవాటిని అప్ప డాబా మీద దారానికి కట్టింది, ఎండబెట్టిన వడియాల మీదికి కోతులు రాకుండా. భాద్రపదం వచ్చేసరికి మా వీధిలో కోతి అన్నది లేదు. ఇది కోతలు లేని మాట.

రోజూ మధ్యాహ్నం బావ మొహం తిప్పుకునేవాడు. నేను తువ్వాలు మడిచి పక్కన పెట్టి, ఇంకో సీడీ వేసేవాడిని. పానిక్. ఆయన నన్ను చూసేవాడు, గుమ్మాన్ని చూసేవాడు, చెయ్యి ఊపేవాడు. ఓర్చుకో బావా, ఇంకో వారం, అనేవాడిని.

దసరా ముందు మేనకోడలు ఒక మాటంది.

“మావయ్యా, ఆ ప్యాడ్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న వైరు దొరుకుతాదంట. పది రోజుల్లో ఒచ్చీస్తాది. అది సాలదేటి? ఈ డబ్బా ఎందుకు?”

చాలు. చాలునని నాకూ తెలుసు. కానీ అప్పటికి డబ్బా మాట్లాడుతోందని బజారంతా నమ్ముతోంది. చికిటిలో మా చిన్నాన్న ఆ వార్తని సరిహద్దు దాటించి ఇచ్ఛాపురం దాకా పంపాడు. ఆ పిల్ల మొహంలోకి చూసి, ఆ వైరు పెడితే కరెంటు ఎక్కువై ప్యాడ్ కాలిపోతుందని, ఇంకో ప్యాడ్ ప్రపంచంలో దొరకదని చెప్పాను. లెక్కల్లో దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. కరెంటు నా సబ్జెక్టు. నమ్మింది. నేను చెప్పినవాటిలో ఎవరూ సగం కొయ్యకుండా విన్న అబద్ధం బహుశా అదొక్కటే.

దసరా వెళ్ళిన మూడోరోజున పానిక్ రాలేదు. వరుసలు పైకి పాకుతూ పాకుతూ చివరికి ఆగాయి. ఒక చిన్న తెల్లగీత మినుకుమినుకుమంటూ, ఇంకేం చెయ్యమంటావన్నట్టు నిలబడింది. నేను లేచి బావ కాళ్ళకి దండం పెట్టాను. ఆయన బిత్తరపోయాడు.

తరువాత అక్షరాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. కాబట్టి తెలుగు అక్షరాలు. అనుమానమే రాలేదు. ఇంత చిన్న చోటులో పెద్దరకం అక్షరాలు పట్టవు. అందుకని గళ్ళకాగితం మీద ఒక్కొక్క చుక్కా పెట్టి నేనే చేసుకున్నాను. తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు, ఏదీ వదల్లేదు. ఆయనకి ఎప్పుడైనా అవసరం పడుతుందేమోనని ‘ఌ’ కూడా పెట్టాను. అదెవరికీ అవసరం పడలేదు, పుట్టిననాటి నుంచి. ఎవరికీ చూపించకుండా దాచి, దీపావళికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనం వేళకి ముగ్గురినీ కూర్చోబెట్టి తెర వెలిగించాను.

అఆఇఈలు వరుసగా నిలబడ్డాయి. ముత్యాలంటే ముత్యాలే. పసుపు గడి ‘అ’ మీద వెలుగుతోంది. ప్యాడ్ బావ చేతికిచ్చాను. బొటనవేలు కదిలింది. గడి కుడికి పోయింది, కిందికి పోయింది, మళ్ళీ పైకొచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఆయన తెరని చూస్తున్నాడు కానీ, ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడు వీధులు చూసినట్టు చూస్తున్నాడు. చెప్పు బావా, అన్నాను. నీ మనసులో ఉన్నది చెప్పు. గడి ఇంకో రెండుసార్లు చుట్టూ తిరిగింది. ప్యాడ్ ఒళ్ళోంచి జారింది. బావ చెవుల దాకా ఎర్రబడ్డాడు. మా అప్ప తలొంచుకుని పళ్ళెంలో అన్నాన్ని కెలుకుతోంది.

“ఆయనకి తెలుగు సదవడం రాదురా,” అంది.

నేను నవ్వాను. మనిషి సిగ్గుపడాల్సిన చోట ముందు నవ్వేస్తాడు కదా, అలాగ. వీడియోగేముల దుకాణానికి రెండు పేపర్లు వచ్చేవి. ఆయన ఎప్పుడూ ఒడియా పేపరే పట్టుకునేవాడు. లోకల్ వార్తలు అందులోనే బాగుంటాయని నేను అనుకునేవాడిని. పెళ్ళి శుభలేఖలు వస్తే, నువ్వు చదువు బావా, నీ గొంతు బాగుంటుంది అని నాతో అనేవాడు. నా గొంతు బాగుంటుందనే అనుకున్నాను. పూజలో తెలుగు పుస్తకం పట్టుకుని, సరైన చోట పేజీ తిప్పుతూ గంటసేపు చదివేవాడు. అంతా నోటికి వచ్చునట. పేజీ ఎక్కడ తిప్పాలో అప్ప నేర్పిందట. తెలుగు బడి ఎత్తెయ్యొద్దని ఊరేగింపు జరిగిన రోజున ముందు బోర్డు పట్టుకుని నడిచింది కూడా ఆయనే.

బావ పుట్టింది, చదివింది గంజాం ఊళ్ళో. అక్కడ ఆయనకి దొరికింది ఒడియా బడి. మేం చికిటి వాళ్ళం, సరిహద్దు పక్కన తెలుగు బడిలో దిద్దుకున్నవాళ్ళం. ఇంట్లో మాట్లాడే భాష ఒకటైతే, పలక మీద దిద్దేది వేరు. మా ఊళ్ళలో సగం మంది ఇలాగే ఉంటారు. నాకు తెలియని సంగతి కాదు. మేనకోడలికీ తెలుగు చదవడం రాదు. దాన్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. కానీ బావ అన్నవాడు పాతికేళ్ళు నా పక్కన కూర్చుని, నా ప్రతి మాటలో అబద్ధం పట్టుకున్నవాడు, తనది ఒక్కటి నా దగ్గర దాచాడు. నేను పట్టుకోలేకపోయాను.

“నాకు సెప్పొచ్చు కదే అప్పా,” అన్నాను.

“నీకా? నీకు సెప్తే బడా బజారుకి సెప్పినట్టే కదేటి.”

లేచి టీవీ ఆపేశాను.

దీపావళి నాడు డాక్టరు బరువు చూసి పెదవి విరిచాడు. మేనకోడలు ఆయన్ని బతిమాలి మూడు వారాలు గడువు తీసుకుంది. ఆ మూడు వారాలూ నేను ల్యాబులో సెలవు పెట్టాను. గళ్ళకాగితాల మీద మేనకోడలు ఒడియా అక్షరాలు దిద్ది ఇస్తే, నేను చుక్కలు పెట్టాను. గుండ్రంగా గొడుగులు వేసుకున్నట్టుంటాయి ఆ అక్షరాలు. నాకు ఒడియా గలగలా మాట్లాడటం వచ్చు. బస్సుల మీద పేర్లు, కొట్ల బోర్డులు ఆకారాన్ని బట్టి పోలుస్తాను. కూర్చుని ఒక పేజీ చదవమంటే మాత్రం చెమటలు పడతాయి. అయినా గీశాను. తెలియని దేవుడి విగ్రహం చెక్కినట్టు చెక్కాను.

కొత్త అక్షరాలు ఎక్కాయి కానీ, కొత్త రోగం పట్టుకుంది. నా ప్రోగ్రాము అక్షరం పడినప్పుడల్లా కాస్త చోటు ఆక్రమించి, మళ్ళీ వదలదు. పది పన్నెండు నొక్కులయ్యేసరికి రెండు మెగాబైట్లూ నిండిపోతాయి. చోటు చాలనప్పుడు లినక్స్ ఎవరో ఒకరిని చంపి చోటు చేస్తుంది. ప్రతిసారీ నా అక్షరాల పలకనే చంపేది. రాసింది పోయేది. మళ్ళీ మొదటి నుంచి వెలిగించాలి, ఏడు నిమిషాలు. తప్పెక్కడుందో నేను ఎంత వెతికినా దొరకలేదు. గడువు అయిపోవచ్చింది. సరే, పది అక్షరాలైనా చెప్పనీ అనుకున్నాం.

కార్తీకంలో ఒక ఆదివారం. అప్ప పళ్ళెంతో సిద్ధంగా ఉంది. నేను నా స్టూలు మీద. మేనకోడలు టీవీ పక్కన నిలబడింది, చదవడానికి. తెర వెలిగింది. బావ మొహంలో ఏదో సర్దుకుంది. ఈసారి పసుపు గడి తిన్నగా పోయింది, తెలిసిన సందులో తెలిసిన ఇంటికి పోయినట్టు. ఆగింది. నొక్కాడు.

మేనకోడలు ఒక్కొక్కటీ పైకి చదువుతోంది. “బా.” కాసేపు. “వ.” ఒడియా అక్షరాల్లో తెలుగే రాస్తున్నాడు. “బావ.”

ఆయన నన్ను బావ అనే పిలుస్తాడు. నాలుగు నెలల తర్వాత ఆయన నోటికి వచ్చిన మొదటి మాట నేను. నేను అప్ప వైపు చూశాను. ఆ చూపు ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకోవాలని లేదు. గడి మళ్ళీ కదిలింది. ఒకటి రెండు చోట్ల పొరబడి, చెరిపి, మళ్ళీ నొక్కాడు. “ముం,” అంది మేనకోడలు. తెర నల్లబడింది. లినక్స్ నా పలకని చంపేసింది.

ఏడు నిమిషాలు. ఖాళీ దొరికితే నా నోరు ఊరుకోదు. ఇంకేముంది, తెలిసిపోయిందన్నాను. బావ ముందుండాలి, అంతే ఆయన చెప్పేది. ఇన్నాళ్ళూ గుమ్మం వైపు చెయ్యి ఊపింది నేను వెళ్ళిపోతానేమోననే బెంగ. ఇకనుంచి రెండుపూటలా వస్తానని, రాత్రి కూడా నేనే ఎదురుగా కూర్చుంటానని అప్పకి మాటిచ్చాను. అప్ప కళ్ళు తుడుచుకుంది. బావ అటూ ఇటూ తల తిప్పుతున్నాడు. మెడ నొప్పేమో అనుకుని దిండు సర్దాను.

తెర వెలిగింది. పోయినదాన్ని మళ్ళీ రాయకుండా ఆగిన చోటు నుంచే అందుకున్నాడు.

“ముం,” అంది మేనకోడలు. “ద. ర. ముందర.”

చూశావా, అన్నాను.

“తి. న.”

తిండి గురించే, అన్నాను. చెప్పానా.

పసుపు గడి అదే అక్షరం దగ్గరికి ఇంకోసారి పోయింది, నొక్కింది, కొమ్ము వెతుక్కుంది, నొక్కింది.

“తినను,” అంది మేనకోడలు మెల్లిగా. “బావ ముందర తినను.”

అప్పుడు తెర నల్లబడింది. ఈసారి ఎవరూ దాన్ని వెలిగించలేదు.

మేనకోడలు వెళ్ళి తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మావయ్య అసలు రాకూడదా నాన్నా, అని అడిగింది. తల అడ్డంగా తిప్పాడు, గట్టిగా. అన్నం తినేటప్పుడు మాత్రమేనా, అని అడిగింది. తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. నా చేతిలో ఇంకా తువ్వాలు ఉంది, చారు మరకలతో. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“ఎల్లి అరుగు మీద కూకోరా,” అంది అప్ప. కోపంగా కాదు.

అరుగు మీద కూర్చున్నాను. వీధిలో ఆదివారం బేరాలు జరుగుతున్నాయి. తెలిసినవాడొకడు సైకిలు ఆపి, ఏటి, డబ్బా బాగా మాట్లాడతందా అని అడిగాడు. మాట్లాడతందని చెప్పాను. లోపల పళ్ళెం మీద గాజుల చప్పుడు, నీళ్ళ గ్లాసు చప్పుడు, చాలాసేపు. తర్వాత అప్ప గుమ్మంలోకి వచ్చి పళ్ళెం చూపించింది. కరివేపాకు రెబ్బ ఒక్కటి మిగిలింది.

గొట్టం అవసరం రాలేదు. ఆ వారమే మేనకోడలు నన్ను అడక్కుండా వైరు తెప్పించి, ప్యాడ్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, సెలవు రోజున కూర్చుని పలక తయారుచేసింది. ఒడియా అక్షరాలు, పెద్దవి, ఎన్ని నొక్కినా చావవు. ప్యాడ్ కాలలేదు. ఆ పిల్ల వైరుని నా ఎదురుగా ఒకసారి పైకెత్తి చూసి, మళ్ళీ కింద పెట్టింది. నేను ఫ్యాను వైపు చూశాను. జపాను డబ్బా అటకెక్కింది. నెలకి పైగా ముందే మాట్లాడవలసిన మనిషిని నేనే ఆపానని లెక్క వెయ్యడానికి లెక్కల మేష్టరు అక్కర్లేదు.

ఇప్పుడు నాలుగింటికి వెళతాను, అన్నం గొడవ లేని వేళ. ఆ సమయానికి మేనకోడలు కాలేజీలో ఉంటుంది. అప్ప ఒక కునుకు తీస్తుంది. అప్పకి ఒడియా అక్షరం ముక్క రాదు. నేను బజారు విశేషాలు చెబుతాను. చెప్పినంతసేపూ ఆయన పెదవుల వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ చెప్పడం నేర్చుకున్నాను.

మొన్న ఒక సాయంత్రం నేను చెప్పడం పూర్తికాకుండానే ఆయన బొటనవేలు కదలడం మొదలుపెట్టింది. ఆగకుండా రాస్తున్నాడు. ఒక వరుస అయింది, రెండోది, మూడోది. మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకుని ఆలోచించి, మళ్ళీ రాశాడు. అరగంట పైనే పట్టింది. తర్వాత ప్యాడ్ ఒళ్ళో పెట్టుకుని, తెరని చూసి, నన్ను చూశాడు. చదవమని.

గొడుగులు వేసుకున్న అక్షరాలు. ఒక్కొక్కటీ అప్పట్లో డబ్బా కోసం నేను చుక్క చుక్కగా గీసిన అక్షరమే. విడివిడిగా చూస్తే పోల్చగలను. మొదటి మాట పట్టుకున్నాను: బావ. రెండోదాని దగ్గర ఒక ఒత్తు అడ్డొచ్చింది. కూడబలుక్కున్నాను. మూడోది తెలుగో ఒడియానో తెలియలేదు. ఆయన నన్నే చూస్తున్నాడు, ఆశగా. కూతుర్ని రానీ, చదివిస్తానని అనొచ్చు. కూతురు చదవకూడనిదేమో. అరగంట కష్టపడి నాకు ఒక్కడికే రాసిందేమో. ఎంత సమయం పడుతుందో అంత సమయం తెరని చూశాను. చివరి వరుస దాకా కళ్ళు తిప్పాను. తర్వాత తలూపాను.

“అవును బావా,” అన్నాను. “నిజమే.”

బావ నా మొహంలోకి కాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, నా మాటని సగం కోసే ముందు చూసే చూపు. కోపం లేదు అందులో. తర్వాత ప్యాడ్ అందుకుని, చెరిపే గడి మీద చూపుడువేలు ఆనించి, చివరి నుంచి ఒక్కొక్క అక్షరం తీసెయ్యడం మొదలుపెట్టాడు. ఆగు అనాలనుకున్నాను. ఆగు అంటే చదవలేదని ఒప్పుకోవాలి. మూడు వరుసలూ పోయేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.